గృహాలంకారము: గోడకు పసుపు వన్నె

మాఘ ఫాల్గుణములలో ఆర్మూరు ప్రాంతమున ఎటు చూచినను పసుపే కానవచ్చును. ఉడికించిన కొమ్ములు కళ్లములలో ఆరుచుండును. 2025లో జాతీయ పసుపు బోర్డును నిజామాబాదునందు నెలకొల్పుట ఈ సీమకు తగిన గౌరవమే. ఇట్టి ఊరి యిల్లాలు తన యింటి గోడకును ఆ వన్నెయే కావలెనని కోరుట సహజము.

అయితే పసుపుపొడినే సున్నములో కలిపి పూయవచ్చునా? పూయరాదు. పసుపు సున్నముతో కలిసిన ఎఱ్ఱనగునని దిష్టినీళ్లు కలిపిన ప్రతి యిల్లాలికిని తెలియును. అదియుగాక ఆ వన్నె యెండకు వెలియును. గడప పసుపును వారము వారము మరల పూయుదుము గనుక అచ్చట చెల్లును, గోడకు చెల్లదు.

మన పెద్దలు గోడలకు మట్టిరంగులనే నమ్మిరి. అరుగులకు జాజు పూసిరి. గోడలకు సున్నము వేసిరి. జాజువలెనే పసుపుమన్నునకును ఇనుమే వన్నె నిచ్చును. అది సున్నముతో చెడదు, ఎండకు వెలవదు. మెత్తగా నూరి, నీట నానబెట్టి, వడగట్టి సున్నములో కలుపవలెను. తూకమున సున్నములో పదియవ వంతునకు మించరాదు. గోడను తడిపి పలుచగా రెండు మూడు పూతలు వేయవలెను. తడిలో ముదురుగా నున్నది ఆరినపిదప మిక్కిలి లేతబడును. కావున ముందొక మూల పూసి, మరునాడు చూచి నిర్ణయింపుడు. వెలుతురు తక్కువైన వంటయింటికి ఈ లేతపసుపు ఎంతయు నప్పును. నూనెరంగు వేసిన గోడపై మాత్రము సున్నము నిలువదు. సున్నము కంట బడిన ప్రమాదము గనుక పని ముగియువరకు పిల్లలను దగ్గరకు రానీయరాదు.

డబ్బారంగులు కొనువారికి మరియొక మాట. మెఱయు పసుపు రంగులలో సీసపు క్రోమేటు అను పొడిని చిరకాలము వాడిరి. సీసము శిశువుల మెదడునకు చేటు. 2016లో మన ప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదు. ఆ మాట డబ్బాపై నున్నదో లేదో చూచి కొనుడు. పాతరంగును పొడిగా గీకింపరాదు. తడిపి గీకించి, రాలినదానిని తడిగుడ్డతో ఎత్తవలెను. అప్పుడు గర్భిణులును పసివారును ఆ యింట నుండరాదు.

బంగ్లాదేశమున పసుపుకొమ్ముల మెఱుగునకు ఈ పొడినే వాడుచున్నట్లు పరిశోధకులు 2019లో ప్రకటించిరి. కావున మితిమీరిన మెఱుపు గోడపై నున్నను, కూరలో నున్నను శంకింపదగినదే. ఆరిన కొమ్మువలె కొంచెము మందముగ నుండు వన్నెయే మన యింటికి అందమని మా యభిప్రాయము.