విగ్రహం సరే, విచారణ ఏది?



జూలై 4 దగ్గరపడింది. అల్లూరి జయంతికి దండలెన్ని, షామియానా ఎంత అని మన సంఘంలో లెక్కలు మొదలయ్యాయి. మేము వద్దనడం లేదు. కానీ ఒక్క మాట అడుగుతున్నాం.

సీతారామరాజుని చంపిందెవరు? కృష్ణ గారి సినిమా చూసినవాళ్ళు రూథర్‌ఫర్డ్ అంటారు. జగ్గయ్య గారి ముఖమే గుర్తొస్తుంది. అసలు ఆరోపణ ఉన్నది మేజర్ గూడాల్ అనే అధికారి మీద. మంప దగ్గర పట్టుకున్న మనిషిని కొయ్యూరు తెచ్చి, 1924 మే 7న కాల్చేశారు. కోర్టు లేదు, వకీలు లేడు. చెట్టుకి కట్టి కాల్చారని మన్యం జనం చెప్పుకున్నారు. పారిపోబోతే కాల్చామని సర్కారు చెప్పింది. చుట్టూ తుపాకులుంటే బందీ ఎక్కడికి పారిపోతాడండీ?

అది పరాయి ఊరి సంగతి అనకండి. 1953 దాకా మన బళ్ళారీ మద్రాసు కిందే ఉండేది. ఆ మాట చెప్పిన సర్కారే మనల్నీ ఏలింది.

ఇప్పుడు ఆఫ్రికా చూడండి. బుర్కినా ఫాసో మనకన్నా బీద దేశం. 1987 అక్టోబర్ 15న అధ్యక్షుడు థామస్ సంకారాని కాల్చి చంపారు. సర్టిఫికెట్లో సహజ మరణం అని రాశారు. ఆయన పక్కనే ఉన్న సైనికాధికారి కంపావొరే గద్దెనెక్కి 27 ఏళ్ళు ఏలాడు. అయినా సంకారా భార్య, జనం వదల్లేదు. 2022 ఏప్రిల్ 6న సైనిక కోర్టు కంపావొరేకి యావజ్జీవం వేసింది.

అదే 2022 జూలై 4న మనం భీమవరంలో 30 అడుగుల విగ్రహం పెట్టుకున్నాం. వాళ్ళు తీర్పు తెచ్చుకున్నారు, మనం కంచు తెచ్చుకున్నాం.

గూడాల్ ఎప్పుడో పోయాడు, ఎవర్ని బోనెక్కిస్తారు అంటారు కొందరు. కంపావొరే కూడా బోనెక్కలేదు, పక్క దేశంలో కూర్చున్నాడు. అయినా తీర్పు వచ్చింది. హత్యని హత్య అని ప్రభుత్వ కాగితం మీద రాయించడం చిన్న పని కాదు.

ఆనాటి మద్రాసు సర్కారు రికార్డులు చెన్నై ఎగ్మోరు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. కొయ్యూరు కాల్పుల కాగితాలన్నీ తీయించి, తెలుగులో అచ్చువేసి, రిటైర్డ్ జడ్జితో పరిశీలన చేయించాలని రెండు తెలుగు రాష్ట్రాలనూ అడుగుదాం. ఈ జయంతి రోజు మన సంఘం తీర్మానం చేయాలి. దండ తర్వాత వేద్దాం, ముందు సంతకాలు పెడదాం.