చిటికెడు ఉప్పులో దేశాల చెలిమి

ఆకలి అనగానే ఎవరికైనా ఖాళీ కడుపే గుర్తుకు వస్తుంది. కాని కడుపు నిండినా తీరని ఆకలి మరొకటి ఉన్నది. మూడు పూటలా అన్నం తినే పిల్లవాడికి కూడా ఇనుము, అయోడిన్, విటమిన్ ‘ఎ’ వంటివి చాలినంత అందకపోవచ్చు. శరీరానికి ఇవి అతి స్వల్ప పరిమాణంలో అవసరం కనుక వీటిని సూక్ష్మపోషకాలు అంటారు. ఇవి లోపించిన బిడ్డ అన్నం కోసం ఏడ్చినట్లు ఏడవడు. లోపం ముదిరేదాకా తల్లికి తెలియదు. పరీక్ష చేయనిదే వైద్యుడికీ తెలియదు. అభివృద్ధి చెందుతున్న దేశాలలో ఈ లోపాలను తొలగించడానికి ప్రపంచ దేశాలు కొన్ని దశాబ్దాలుగా చేయీ చేయీ కలిపి పనిచేస్తున్నాయి. ఆ కృషిలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది విచారించదగిన విషయం.

ముందుగా అయోడిన్ సంగతి. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. జీవితకాలమంతటికీ కావలసినదంతా ఒకచోట చేర్చినా ఒక చిన్న చెంచాకు మించదు. ఆ కొద్దిపాటి అయోడిన్ అందకపోతే మెడలోని థైరాయిడ్ గ్రంథి ఉబ్బి గళగండం ఏర్పడుతుంది. అది కంటికి కనిపించే కీడు. గర్భిణికి అయోడిన్ బాగా కొరవడితే కడుపులోని శిశువు మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. పుట్టిన తరువాత ఎన్ని మందులు వాడినా ఆ నష్టం పూర్తిగా పూడదు. వానలకు, వరదలకు నేలలోని అయోడిన్ కొట్టుకుపోయిన ప్రాంతాలలో పండిన పంటలోనూ అది తక్కువే. అందువల్లనే ఆల్ప్స్ లోయలలోనూ హిమాలయ సానువులలోనూ ఈ వ్యాధి తరతరాలుగా పాతుకుపోయింది. స్విట్జర్లాండులో 1922లో, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1924లో ఉప్పులో అయోడిన్ కలిపి అమ్మడం మొదలైంది. ఆ చిట్కా పేద దేశాలకు చేరడానికి మాత్రం మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

సంపన్న దేశాలు ఇస్తాయి, పేద దేశాలు చేయి చాస్తాయి అన్న అభిప్రాయం ఈ విషయంలో సగమే నిజం. శ్రీకాకుళంలో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో హిమాచల్ ప్రాంతంలోని కాంగ్రా లోయలో ఒక పరిశోధన ప్రారంభించారు. లోయను మూడు మండలాలుగా విభజించి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును సరఫరా చేయించారు. 1962 నాటికి మొదటి రెండు మండలాల పిల్లలలో గళగండం గణనీయంగా తగ్గింది. మూడవ మండలంలో ఆ మార్పు రాలేదు. భారత ప్రభుత్వం ఆ ఏడే జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమాన్ని చేపట్టింది. లోయ జనం తిన్న ఉప్పు ఇతర దేశాల శాస్త్రజ్ఞులకు కూడా ఆధారమైంది. సహకారమనే మాటకు ఈ అర్థం కూడా ఉన్నదని గుర్తించాలి.

1990 సెప్టెంబరులో న్యూయార్కులో జరిగిన ప్రపంచ బాలల శిఖరాగ్ర సభలో 71 దేశాల అధినేతలు పాల్గొన్నారు. అయోడిన్ లోపాన్ని 2000 నాటికి దాదాపుగా తొలగించాలని అక్కడ సంకల్పించారు. అప్పటికి ప్రపంచంలో నూటికి ఇరవై కుటుంబాలు కూడా అయోడిన్ ఉప్పు వాడేవి కావు. నేడు సుమారు 88 కుటుంబాలు వాడుతున్నాయి. గడువులోగా లక్ష్యం పూర్తి కాకపోయినా, ఇది చిన్న విజయమేమీ కాదు.

ఈ విజయానికి కారణం ధనసహాయం ఒక్కటే అనుకుంటే పొరపాటు. యూనిసెఫ్ యంత్రాలు ఇచ్చింది, పరీక్షించే సామగ్రి ఇచ్చింది. కాని ఉప్పు పండించినవారు, చట్టం చేసినవారు, సంచి విప్పి తనిఖీ చేసినవారు ఆయా దేశాల వారే. కలపడానికి అయ్యే కొద్ది పైసలు ఉప్పు ధరలోనే కలిసిపోయాయి. కనుక దాత వెళ్లిపోయినా పని ఆగలేదు. ధనికుడైనా పేదవాడైనా ఉప్పు కొనక తప్పదు గదా!

చట్టం సడలితే ఏమవుతుందో కూడా భారతదేశం చవిచూసింది. అయోడిన్ లేని ఉప్పును ఆహారం కోసం అమ్మరాదన్న నిషేధం 1998లో అమలులోకి వచ్చి, 2000లో తొలగిపోయి, 2006లో మళ్లీ వచ్చింది. 1930లో ఉప్పు కోసం సత్యాగ్రహం చేసిన దేశంలో, తినే ఉప్పుపై నిర్బంధమేమిటని కొందరు వాదించారు. నౌపడ వంటి తీరాలలో ఉప్పు మడులు నమ్ముకొన్న చిన్న ఉత్పత్తిదారులకు యంత్రాలు భారమన్న మాట మరింత న్యాయమైనది. అయితే దానికి విరుగుడు ఆ యంత్రాన్ని వారి మడుల దాకా చేర్చడమే గాని, పుట్టబోయే బిడ్డ మెదడును పణంగా పెట్టడం కాదు. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తగినంత అయోడిన్ ఉన్న ఉప్పు 51 శాతం ఇళ్లలోనే కనిపించింది. 2019-21 నాటికి, పరిమాణం ఎంతైనా, అయోడిన్ కలిసిన ఉప్పు దాదాపు 94 శాతం ఇళ్లకు చేరింది.

విటమిన్ ‘ఎ’ కథ ఇందుకు భిన్నమైనది. ఇది లోపిస్తే రేచీకటి వస్తుంది. ముదిరితే చూపే పోతుంది. ఇండోనేషియాలోని అచే ప్రాంతంలో ఆల్ఫ్రెడ్ సోమర్ బృందం జరిపి 1986లో ప్రకటించిన పరిశోధన, ఈ విటమిన్ అందిన పిల్లలలో మరణాలు కూడా తగ్గాయని చూపింది. ఆరునెలలకొకసారి పెద్ద మోతాదు ఇచ్చే పద్ధతి అనేక దేశాలకు వ్యాపించింది. ఆసియా, ఆఫ్రికాలలోని పలు దేశాలకు కెనడా ప్రభుత్వ సహాయంతో ఈ గుళికలు ఉచితంగా అందుతున్నాయి. ఎందరో పిల్లలను బతికించిన దానం ఇది. కాని ఇచ్చే దేశం మనసు మారితే? అమెరికా తన విదేశీ సహాయ సంస్థను 2025లో మూసివేసింది. ఒక రాజధానిలో తీసుకున్న నిర్ణయానికి వేల మైళ్ల దూరంలోని గ్రామ ఆరోగ్య కేంద్రాలు తల్లడిల్లాయి. గుళికలు ఇస్తున్న కాలంలోనే ఆ దేశాల నూనెలో విటమిన్ కలిపే ఏర్పాటుకూ, పెరట్లో ఆకుకూరలూ బొప్పాయీ పెంచే అలవాటుకూ సహాయం చేసి ఉండవలసింది. కొన్నిచోట్ల చేశారు, చాలినంత చేయలేదు.

ఇనుము విషయంలో అంతటి సులువైన దారి దొరకలేదు. భారతదేశంలో 1970 నుండి ఇనుము మాత్రలు పంచుతున్నా, 2019-21 సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. కడుపులో నులిపురుగులు, మలేరియా, ఒకే తీరు భోజనం, ఇంట్లో అందరూ తిన్న తరువాత మిగిలినది తినే ఆచారం: ఇన్ని కారణాలున్న చోట ఒక్క మాత్ర ఏం చేయగలదు? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఇనుము, అయోడిన్ రెండూ కలిసిన ఉప్పును రూపొందించింది. కొన్ని రాష్ట్రాలు అటువంటి ఉప్పును చౌకధరల దుకాణాల ద్వారా పంచి చూశాయి. అయోడిన్ ఉప్పు చేరినట్లు అది ప్రతి వంటింటికీ ఇంకా చేరలేదు.