కారు ఆయనది... పేరు ఆవిడది!

సాయంత్రం వేళ జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర సిగ్నల్ పడిందంటే ఎన్ని దేశాల కార్లో ఒక్కచోట నిలబడతాయి. పక్కన ఆటోలో ఉన్న మనం కూడా హీరోగారెవరైనా కనిపిస్తారేమోనని మెడ చాచి చూస్తాం. చాలాసార్లు లోపల ఉండేది బిల్డరుగారో, డాక్టరుగారో! ఫిల్మ్‌నగర్ మోజు ఇప్పుడు కరీంనగర్, విజయవాడ దాకా పాకింది. మోజు సంగతి అలా ఉంచండి. ఆ కారు ఓడ దిగినప్పుడు సుంకం సరిగ్గా కట్టారా? ఈ ప్రశ్న ఒక్కోసారి ఏమీ తెలియని ఇల్లాలి దగ్గరికొస్తుంది. ఎందుకంటే బండి ఆవిడ పేరున ఉంటుంది.

2025 మేలో హైదరాబాద్‌కు చెందిన ఓ కార్ల డీలరును డీఆర్ఐ అధికారులు అరెస్టు చేశారు. అమెరికా, జపాన్ కార్లను దుబాయ్, శ్రీలంకలకు తెప్పించి, ఎడమవైపు స్టీరింగ్‌ను కుడివైపుకి మార్పించి, ధర సగానికి తగ్గించి చూపి ఇక్కడికి తెచ్చారని అభియోగం. ఎగ్గొట్టిన సుంకం 100 కోట్ల రూపాయల వరకూ ఉంటుందన్నారు.

ధర తగ్గిస్తే ఏమొస్తుందంటారా? కూరగాయల లెక్కలా వేసి చూద్దాం. 2025 లెక్కల ప్రకారం ఖరీదైన కొత్త కారు మీద దిగుమతి సుంకాలన్నీ కలిపి 110 శాతం. అంటే కోటి రూపాయల కారు 2 కోట్ల 10 లక్షలవుతుంది. దాని మీద జీఎస్టీ 40 శాతం. మొత్తం 2 కోట్ల 94 లక్షలు! మన రాష్ట్రంలో కట్టే లైఫ్ ట్యాక్స్ దీనికి అదనం. అదే కారును 50 లక్షలని రాయిస్తే పన్నులో 97 లక్షలు మిగిలిపోతాయి. 'మార్కెట్ కంటే తక్కువకిస్తాం సార్' అనే మాట వెనకున్న రహస్యం ఇదే.

'లక్కీ భాస్కర్'లో దుల్కర్ సల్మాన్ దిగుమతి సరకు దందాలో వేలు పెట్టిన బ్యాంకు క్యాషియర్‌గా కనిపిస్తాడు కదా. చిత్రం చూడండి, 2025 సెప్టెంబరులో భూటాన్ మీదుగా వచ్చిన పాత కార్ల కోసం కేరళలో కస్టమ్స్ వారు సోదాలు చేస్తే, అందులో ఆయన ఇల్లూ ఉంది. కాగితాలు సరిగ్గా ఉన్నాయని నమ్మే కొన్నానని ఆయన హైకోర్టుకెళ్లారు. కారు తాత్కాలికంగా విడిపించుకోవడానికి కస్టమ్స్ వారికే దరఖాస్తు పెట్టుకోమంది కోర్టు. అంత పేరున్న మనిషికే ఆ తిప్పలు!

చట్టం కొంత మనవైపే ఉంది లెండి. దిగుమతిదారు దగ్గర కారు కొన్నవారిని దిగుమతిదారుగా లెక్కగట్టి సుంకం కట్టమనడం కుదరదని 2024లో ఓ పోర్షే కారు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ మాట అనిపించుకోవడానికి ఆ కొనుగోలుదారు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఈలోగా కారు పట్టుకుపోతే?

డల్లాస్ నుంచి అమ్మాయీ అల్లుడూ వచ్చేస్తున్నారు, కారు కూడా కంటైనర్‌లో వేసేస్తారట అని మురిసిపోయే అమ్మలకూ ఓ మాట. అక్కడి కార్లకు స్టీరింగ్ ఎడమవైపు. అలాంటిది ఇక్కడ రిజిస్టర్ కాదు. లండన్ నుంచైతే స్టీరింగ్ కుడివైపే గానీ, పాత కారు తయారై మూడేళ్లు దాటకూడదు, ముంబయి పోర్టులోనే దించాలి. సుంకం మాత్రం తప్పదు. ఆ డబ్బుతో ఇక్కడే కొత్త కారు వస్తుందేమో అల్లుడిగారినే లెక్క చూడమనండి.

విదేశీ కారు ఏదైనా మీ పేరున కొంటామంటే 'బిల్ ఆఫ్ ఎంట్రీ' అడగండి. ఎవరు తెచ్చారు, ఏ పోర్టులో దిగింది, ఎంత ధర చూపారు, ఎంత సుంకం వేశారు... అన్నీ అందులో ఉంటాయి. సుంకం కట్టిన చలానా కూడా చూడండి. బిల్లులోని ఛాసిస్ నంబరూ, బండి మీద నంబరూ, ఆర్‌సీలో నంబరూ ఒకటేనా సరిపోల్చుకోండి. 'ఆ గొడవ మీకెందుకు మేడమ్, అంతా మేం చూసుకుంటాం' అంటూ బ్రోకరు ఫారం 30 మీ ముందుకు తోస్తే, సంతకం పెట్టకుండా పెన్నుకి మూత పెట్టేయండి. మావారు మొహమాటపడతారేమో అంటారా? పడనివ్వండి, నోటీసు వచ్చేది మీ పేరున కదా!