పాఠం చేతికందింది, సెలవు అందలేదు

ఉద్యోగి తన అవసరానికి తగిన విషయాలను తానే ఎన్నుకొని ఆన్‌లైన్‌లో ఎం.ఏ. చదువగల వీలు కావాలని కోరుతున్నాము. ఇది గొంతెమ్మ కోరిక కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోనే కరస్పాండెన్సు కోర్సులు ప్రారంభించింది. 1982లో హైదరాబాదున, 1985లో ఢిల్లీలో సార్వత్రిక విశ్వవిద్యాలయాలు వెలిశాయి. 2021లో యు.జి.సి. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలను తెచ్చింది. వేర్వేరు సంస్థలలో ఆర్జించిన క్రెడిట్లు ఇందులో జమపడతాయి. సగమైనా పట్టా ఇచ్చే సంస్థవే కావాలి. తపాలా సోదరులకు పాసుబుక్కు సంగతి చెప్పనక్కరలేదు!

అయితే జమ వేరు, చదువు వేరు. ఒక ఆర్.ఎం.ఎస్. సార్టింగ్ అసిస్టెంటు కార్మిక చట్టం, గణాంకశాస్త్రం, ప్రజాపాలన కలిపి చదువదలచినాడనుకొందాము. ఆ మూడింటికి పొంతన కుదిర్చి, పరిశోధనా వ్యాసం వరకు నడిపించే అధ్యాపకుడు లేనిచో మిగిలేది సర్టిఫికెట్ల కట్టయే. ప్రతి విద్యార్థికి అట్టి మార్గదర్శిని విశ్వవిద్యాలయం నియమించాలి. ఏ కూర్పుకు పట్టా ఇచ్చేదీ చేరేనాడే వ్రాతపూర్వకంగా తెలపాలి.

ఇక డ్యూటీ. పాఠం అర్ధరాత్రి రన్నింగ్ రూములోనైనా వినవచ్చును. పరీక్ష తేదీ మాత్రం లోకో పైలట్ లింకును చూచి రాదు. పరీక్షా దినాలకు జీతంతో కూడిన సెలవు హక్కుగా ఉండాలి. విషయం ఉద్యోగానికి సంబంధించినదైతే ఫీజును శాఖయే భరించాలి. రైల్ భవన్, డాక్ భవన్, యు.జి.సి. మూడూ ఢిల్లీలోనే ఉన్నవి. ఒక బల్ల వద్ద కూర్చొనుటకు ప్రయాణ భత్యం కూడా అక్కరలేదు.