మా వంశవృక్షంలో అవ్వ పుట్టింటి పేరేది?

పోయిన సంక్రాంతికి తడ వెళ్లినప్పుడు అవ్వ పక్కన కూర్చుని, "మీ నాయన వాళ్లు ఎంతమంది అవ్వా?" అని అడిగా. వేళ్లు మడిచి లెక్కపెట్టింది. నాలుగో వేలు దగ్గర ఆగింది. మళ్లీ మొదట్నుంచి లెక్కేసింది. మళ్లీ నలుగురే. "ఐదో ఆయన పేరేందబ్బా..." అని ఊరుకుంది. మా పెద్దతాత ఉండుంటే ఠక్కున చెప్పేవాడు. ఆయన పోయి ఏడాదైంది.

ఒకప్పుడు పిచ్చికుంట్లవాళ్లు ఊరూరా తిరిగి గోత్రాలు, ఇంటిపేర్లు, వంశాలు చెప్పేవాళ్లు. ఇప్పుడు మనమే రాసుకోవాలి. ఆ రాత్రే ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లో గ్రాంప్స్ వేశా. ఇంగ్లీషులో తాతని ముద్దుగా పిలిచే మాట అది. 2001లో మొదలైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. డబ్బు కట్టక్కర్లేదు, అకౌంటూ అక్కర్లేదు. ముఖ్యంగా, మన డేటా మన కంప్యూటర్లోనే ఉంటుంది. బతికున్న వాళ్ల పుట్టిన తేదీలు, ఇంటిపేర్లు ఎవరి సర్వర్లోనో పెట్టడం నాకైతే ఇష్టం లేదు.

విండోస్ వాడేవాళ్లకి అన్నీ కలిపిన ఒకే ఇన్‌స్టాలర్ ఉంది. డౌన్‌లోడ్ చేసి నెక్స్ట్, నెక్స్ట్ కొట్టడమే. నాది ఉబుంటు. దాని సాఫ్ట్‌వేర్ లిస్టులో దొరికేది ఒక్కోసారి పాత వెర్షన్ అవుతుంది, అందుకని ఫ్లాట్‌హబ్ నుంచి వేసుకున్నా. పేర్లు తెలుగులోనే టైప్ చేయొచ్చు. చార్టులో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే తెలుగు ఫాంట్ లేదని అర్థం, అది వేస్తే సరిపోతుంది.

మొదటి చిక్కు ఊరితో వచ్చింది. అవ్వ పుట్టింది శ్రీహరికోట దీవిలో. రాకెట్ కేంద్రం కోసం 1969లో ఆ దీవిని ఎంచుకున్నాక అక్కడి ఊళ్లు ఖాళీ చేయించారు. 1971 అక్టోబర్ 9న అక్కణ్నుంచి మొదటి రాకెట్ లేచేసరికి అవ్వ వాళ్లు ఇటు వచ్చేశారు. మరి పుట్టిన ఊరు ఏమని రాయాలి? అవ్వ పుట్టినప్పుడు అది మద్రాసు కింద ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. నెల్లూరు జిల్లాలో ఉన్న మేము 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా. గ్రాంప్స్‌లో ఒక ఊరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా దేని కింద ఉందో వేర్వేరుగా రాయొచ్చు. అవ్వ ఎక్కడికీ కదలకుండానే మూడు రాష్ట్రాల పేర్లు చూసిందని అప్పుడే నాకు తట్టింది.

రెండో చిక్కు మేనరికం. మా తాత అవ్వకి మేనమామ కొడుకు. అంటే అవ్వ వాళ్ల అమ్మమ్మే తాతకి నాయనమ్మ. నేను తెలియక ఆమెను రెండుసార్లు ఎక్కించా. అలా చేయకండి. మనిషిని ఒక్కసారే రాసి, రెండు వైపుల నుంచీ కలపాలి. పొరపాటున రెండుసార్లు పడినా పర్లేదు, ఇద్దర్నీ ఒకరిగా కలిపే వీలుంది.

అరవై మంది దాకా ఎక్కించాక, తప్పులు వెతికే టూల్ ఒకటుంటే నడిపా. వరసగా ఒకే హెచ్చరిక: భార్యాభర్తలిద్దరికీ ఒకే ఇంటిపేరు. మన దగ్గర ఒకే ఇంటిపేరు వాళ్లకి పెళ్లేంటి? చూస్తే తప్పు నాదే. ఆడవాళ్లందరికీ అత్తింటి పేరు కొట్టేశా. ఎందుకంటే పుట్టింటి పేరు నాకు తెలీదు. మా ముత్తవ్వకైతే అసలు పేరే లేదు, "తాత భార్య" అని రాసుంది.

పొద్దున్నే ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి అవ్వనే అడిగా. ఇంటిపేరు చెప్పింది. వాళ్లమ్మ పేరు, వాళ్లమ్మమ్మ పేరు తడుముకోకుండా చెప్పింది. నాయన వైపు ఆగిపోయిన అవ్వ, అమ్మ వైపు నాలుగు తరాలు చెప్పుకుంటూ పోయింది. "ఇన్ని తెలిసి ఎప్పుడూ చెప్పలేదేంది అవ్వా?" అంటే, "ఎవురడిగినారు నాయనా?" అంది. ఆ పేర్లు ఇక్కడ రాయను, అవి మా ఇంటి ఫైల్లో ఉన్నాయి.

మీరు మొదలుపెడితే రెండు జాగ్రత్తలు. గ్రాంప్స్ ఫొటోలని, ఆడియోని తనలో దాచుకోదు, అవి ఉన్న చోటుకి దారి మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. ఫోల్డర్ కదిపితే ఆ లింకులు తెగిపోతాయి. అందుకే మీడియాతో కలిపి బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. కొత్త వెర్షన్‌కి మారే ముందు కూడా బ్యాకప్ తప్పనిసరి. కొత్త దాంట్లో తెరిచిన ఫైల్ మళ్లీ పాత దాంట్లో తెరుచుకోదు. పుట్టిన సంవత్సరం సరిగ్గా తెలీకపోతే ఊహించి ఖాయం చేయకండి. "సుమారు" అనీ, "ఫలానా ఏడాదికి ముందు" అనీ రాసే వీలుంది.

ఇన్‌స్టాల్ చేయడానికి పావుగంట చాలు. కానీ అది వచ్చే ఆదివారమైనా చేసుకోవచ్చు. ఫోన్లో రికార్డర్ మాత్రం ఈ ఆదివారమే ఆన్ చేయండి, మీ ఇంట్లో అడగాల్సిన మనిషి ఉంటే.

ఐదో ఆయన పెట్టె ఇంకా ఖాళీగానే ఉంది. నిన్న రాత్రి అవ్వే ఫోన్ చేసింది. "పేరు గుర్తు రాలా నాయనా. కానీ ఆయనకి పడవ ఉండేది, రాసుకో" అంది. రాసుకున్నా.