చిగురుగుంట గని తెరిచే ముందు

ఎన్‌ఎండీసీ ఛైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ గారికి, హైదరాబాదు.

అయ్యా,

కాణిపాకం నుంచి రాస్తున్నాను. మా వైపు అప్పు తగాదా అయినా గట్టు తగాదా అయినా, చివరికి ‘వినాయకుడి ముందర ప్రమాణం చేస్తావా?’ అన్న దగ్గరికే వస్తుంది. తడిబట్టలతో నిలబడి చెప్పిన మాటను తర్వాత మార్చుకోవడానికి ఇక్కడ ఎవరికీ ధైర్యం చాలదు. చిగురుగుంట, బిసానత్తం బంగారు గనుల గురించి మీ సంస్థ నుంచి కావలసింది అలాంటి మాటే.

గుడుపల్లె మండలంలోని ఈ గనులు కోలార్ బంగారు పట్టీకి దక్షిణపు కొస. భారత్ గోల్డ్ మైన్స్ చేతిలో నడిచి, కోలార్ గనులు ఆగిన 2001లోనే ఇవీ ఆగిపోయాయి. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం వేసిన వేలంలో మీకు దక్కాయి. సుమారు 263 హెక్టార్లు, 18.3 లక్షల టన్నుల ఖనిజం, టన్నుకు సగటున 5.15 గ్రాముల బంగారం అని లెక్క. అంతా కలిపితే తొమ్మిది టన్నుల పైచిలుకు. కానీ టన్ను రాయి పిండి చేస్తే సవర బంగారం కూడా రాదు. మిగతాదంతా ఎక్కడ పోస్తారన్నదే మా ఊళ్ల ప్రశ్న.

పాత గని కాబట్టి దారి ఉంది, బావులు ఉన్నాయి, సొరంగాలు ఉన్నాయి, ఖర్చు తగ్గుతుంది అంటారు. కొంతవరకు నిజమే. ఒకసారి తవ్విన నేల మీదే మళ్లీ పని చేస్తే కొత్త పొలాలు పోవు, అందుకే నేను దీనికి ఎదురు చెప్పడం లేదు. అయితే ఏళ్ల తరబడి మూసి ఉన్న బావిని ఆస్తిగా రాసుకునే ముందు లోపలికి దిగి చూడాలి. నీళ్లు నిండిన సొరంగాల్లో ఆనుడు కొయ్యలు నానిపోతాయి, పైకప్పు వదులవుతుంది. నిలబడేది ఏది, పూడ్చాల్సింది ఏది? గనుల భద్రతా డైరెక్టరేట్ చూసి ఇచ్చే నివేదికను తెలుగులో పంచాయతీ గోడకు అంటించండి.

సొరంగాల్లో నిండిన ఆ నీళ్లు తోడి ఎక్కడ వదులుతారు? కుప్పం వైపు బోరు వేయడమంటే జూదం. గని తోడే కొద్దీ పక్క బోర్లు ఎండితే ఎవరిది బాధ్యత? తవ్వకముందే చుట్టుపక్కల బోర్ల నీటిమట్టం కొలిచి రాసి పెడితే రేపు తగాదా ఉండదు.

కోలార్‌లో బంగారం తీశాక పోసిన సైనైడ్ దిబ్బలు చూసినవాళ్లం మేము. గాలి తోలితే ఆ దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. ఆ దిబ్బల్లో మిగిలిన బంగారం తీసే ఆలోచనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. దుమ్ము తిన్న వాళ్ల సంగతి మాత్రం ఎవరి ఫైల్లోనూ లేదు. ఇక్కడ ఖనిజం శుద్ధి చేస్తారో, బయటికి తరలిస్తారో ముందే చెప్పండి. ఇక్కడే శుద్ధి చేస్తే, సైనైడ్ విరిచాకే మడ్డి బయటికి రావాలి, దాని కింద నీరు ఇంకని పొర ఉండాలి.

వేలంలో తీసుకున్న గనులకు రాయల్టీకి అదనంగా, అందులో పదో వంతుకు సమానమైన సొమ్ము జిల్లా ఖనిజ నిధికి చేరాలని చట్టం. అది చిత్తూరు కలెక్టరేట్‌లో ఆగకుండా మొదట గుడుపల్లె బడికి, ఆసుపత్రికి చేరేలా మీరూ పట్టుబట్టండి.

ఈ జవాబులన్నీ గ్రామసభలో, మైకు ముందు, సంతకంతో ఇవ్వండి.

ఇట్లు,
కాణిపాకం నుంచి ఒక జిల్లావాసి