ఊళ్లోకి మెడికల్ కాలేజీ వచ్చింది, మన పిల్లల సీటు ఫిజిక్స్ దగ్గర ఆగుతోంది

మహబూబాబాద్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022 నవంబర్ 15న మొదలైంది. జనగామ, భూపాలపల్లి కాలేజీలు 2023 సెప్టెంబర్ 15న వచ్చాయి. మహబూబాబాద్‌లో 150, మిగతా రెండింట్లో వంద చొప్పున, మొత్తం 350 ఎంబీబీఎస్ సీట్లు. ఇంతకుముందు ఈ మూడు ఊళ్ల పిల్లలకు ప్రభుత్వ డాక్టర్ చదువంటే వరంగల్ కాకతీయ, లేదంటే హైదరాబాద్. ఆడపిల్లను హాస్టల్‌కు పంపాలంటే వెనకాడే అమ్మీ అబ్బాలకు ఇది చిన్న మార్పేం కాదు.

అయితే ఆ సీట్లు ఆ జిల్లా పిల్లలకే అని చాలామంది అనుకుంటున్నారు. అది నిజం కాదు. 15 శాతం ఆలిండియా కోటాకు పోతాయి. మిగతావి కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో రాష్ట్రం మొత్తం పిల్లల మధ్య నీట్ ర్యాంకును బట్టి పంచుతారు. బీసీ-ఈ కోటా 4 శాతం. లెక్క వేసి చూడండి, వంద సీట్ల కాలేజీలో అది మూడు, 150 సీట్ల కాలేజీలో ఐదు. సయ్యద్, పఠాన్ కుటుంబాలకు ఈ కోటా వర్తించదు కూడా. కాబట్టి కాలేజీ గేటు ఇంటికి దగ్గరైనంత మాత్రాన సీటు దగ్గరైనట్టు కాదు.

ర్యాంకు ఎక్కడ పోతోంది? మా ఖాలా కూతురు జనగామలో బైపీసీ రెండో సంవత్సరం. బయాలజీ పుస్తకం దాదాపు నోటికొచ్చు. ఫిజిక్స్ లెక్కల పుస్తకం మాత్రం కొత్తదానిలా ఉంది. "భయ్యా, నాకు మ్యాథ్స్ రాదనే కదా బైపీసీ తీసుకున్నది" అంటుంది. ఈ మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. కానీ నీట్‌లో 720 మార్కులుంటే బయాలజీకి 360, ఫిజిక్స్‌కు 180, కెమిస్ట్రీకి 180. సగం పేపర్ అటే ఉంది. ఈఏపీసెట్‌లోనూ అంతే, 160లో 80. పైగా బయాలజీలో బాగా చదివిన వాళ్లందరికీ దగ్గరదగ్గర మార్కులే వస్తాయి, తేడా తేలేది లెక్కల దగ్గరే. 2025 మే 4న జరిగిన నీట్‌లో ఫిజిక్స్ పేపర్ పిల్లల్ని ఏడిపించింది. ముందు ఏడాది 17 మందికి 720కి 720 వస్తే, ఆ ఏడాది టాపర్‌కు 686. జనరల్ కటాఫ్ 162 నుంచి 144కు పడింది.

నేను బీకామ్ చదివినోణ్ణి, ఫిజిక్స్ చెప్పే అర్హత లేదు. అయినా ఆమెతో కూర్చుని కొన్ని లెక్కలు చేశాను. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు బ్రేక్ వేస్తే 400 మీటర్లలో ఆగింది. అదే బ్రేక్‌తో 36 కిలోమీటర్ల వేగంలో ఎంత దూరంలో ఆగుతుంది? వెంటనే 200 అంది. ఆప్షన్లలో 200 తప్పకుండా ఉంటుంది, అది ఉచ్చు. ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. వేగం సగమైతే దూరం నాలుగో వంతు, అంటే 100 మీటర్లు. ఫార్ములా ఆమెకు వచ్చు. చేతికి అలవాటు లేదు.

కెమిస్ట్రీలోనూ ఇంతే. భూపాలపల్లి పిల్లలకు సింగరేణి బొగ్గు తెలుసు. 3 కిలోల శుద్ధ కార్బన్ పూర్తిగా కాలితే కార్బన్ డయాక్సైడ్ ఎంత? కాలితే బరువు తగ్గాలి కదా అనిపిస్తుంది. కానీ గాలిలోని ఆక్సిజన్ 8 కిలోలు కలుస్తుంది. 12కు 32 చేరి 44 అయినట్టు, 3 కిలోలు 11 కిలోలవుతాయి. ఇలాంటివి రోజుకు ఇరవై చేస్తే మోల్ లెక్కల భయం పోతుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. నీట్ పేపర్ తెలుగులోనూ ఉర్దూలోనూ రాయొచ్చు. కానీ ఇంట్లో "రఫ్తార్", స్కూల్లో "వేగం", కోచింగ్‌లో "వెలాసిటీ" విన్న పిల్లకు మూడూ ఒకటేనని ఎవరూ చెప్పరు. 1918లో ఉస్మానియాను ఉర్దూ మీడియంతో పెట్టినప్పుడు సైన్సు పుస్తకాల తర్జుమాకు ప్రత్యేక శాఖే నడిపారు. ఇవాళ ఆ పని ఇంట్లో పిల్లలే చేసుకుంటున్నారు. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే ఖాయం, కాబట్టి మూడు భాషల మాటలతో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోవడం మేలు.

ఇక నెగెటివ్ మార్కుల భయం. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. తెలియని ఇరవై ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున ఐదు ఒప్పు, పదిహేను తప్పు, మిగిలేది 5 మార్కులు. నాలుగే తగిలితే సున్నా, మూడే తగిలితే మైనస్ 5. దీని మీద ఆధారపడలేం. కానీ రెండు ఆప్షన్లు తప్పని తేల్చగలిగితే ఒక్కో ప్రశ్నకు సగటు లాభం ఒకటిన్నర మార్కు. ఆ తేల్చడం ప్రాక్టీస్‌తోనే వస్తుంది. టైమ్ కూడా చూసుకోవాలి. 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు. బయాలజీ 45 నిమిషాల్లో ముగిస్తే మిగతా 90 ప్రశ్నలకు ఒక్కోదానికి నిమిషంన్నర దొరుకుతుంది.

లక్షలు పోసి కోచింగ్‌కు పంపలేని ఇళ్లకు దారి లేకపోలేదు. ఐఐటీ కాన్పూర్, కేంద్ర విద్యాశాఖ కలిసి 2023లో తెచ్చిన సాథీ పోర్టల్ ఉచితం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉర్దూలోనూ ఉన్నాయి. పాత ప్రశ్నాపత్రాలు జిరాక్స్ తీయిస్తే అయ్యేది వందల్లోనే. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ రాత్రి ఇషా తర్వాత రెండు గంటలు అబ్బాయి రీల్స్‌కా, అమ్మాయి లెక్కలకా అన్నది మాత్రం అమ్మీ అబ్బాలే తేల్చాలి. మా ఖాలా ఇంట్లో ప్రస్తుతానికి అమ్మాయి చేతికే వచ్చింది. నిన్న రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టింది: "భయ్యా, బావిలో రాయి లెక్కకు 80 మీటర్లు వచ్చింది, చూడు."